లెక్కల టీచరు రాసిన రెండు ఉత్తరాలు

నేను గోదావరిఖనిల బొగ్గు కంపెనీ బడిల ఇరవై తొమ్మిదేండ్లు లెక్కలు చెప్పిన. ఈ ముక్క చదివి మీరు పుస్తకం మూసెయ్యొద్దు. నన్ను చూసి భయపడాల్సినోళ్లంతా ఎప్పుడో పెద్దోళ్లయిపోయిన్రు. ఇప్పుడు బజార్ల ఎదురైతే కొందరు నమస్తే పెడుతరు, కొందరు ఫోన్ చెవికి పెట్టుకొని పక్క సందుల నుంచి పోతరు. ఈ రెండో రకమోళ్లకు లెక్కలు బాగ వచ్చినట్టే. దగ్గరి దారి ఏదో జల్ది తేల్చుకుంటరు.

రిటైరైనోళ్లు తమ నౌకరి ముచ్చట్లు రాస్తే అండ్ల అందరూ మొనగాళ్లే ఉంటరు. ఒకాయన బొగ్గు బాయిల చిక్కుకున్నోళ్లను ఒక్కడే బయటికి తెచ్చి ఉంటడు, ఇంకొకాయన పెద్దసారుకు ఎదురు మాట్లాడి ఉంటడు. నేనైతే రెండు ఉత్తరాలు రాసిన. రెండూ ఒకే పిల్ల కోసం, ఒకే బిజినెస్ స్కూలుకు. మొదటి ఉత్తరంల తప్పు చేసిన. రెండో దాంట్ల గూడ తప్పు చేసిన గని అది వేరే రకం తప్పు. కొత్తగ టీచరు నౌకరిల చేరి, తన నాలుక పదును చూసుకొని తానే మురిసిపోయే చిన్నోళ్లు ఎవలన్న ఉంటే, వాళ్ల కోసం చెప్తున్న.

మా నాయిన బాయి ఆఫీసుల హాజరు బుక్కు రాసేటోడు. ఆదివారం చర్చిల అందరికంటే ముందు పోయి చాపలు పరిచేటోడు. ఎవల మీద గొంతు లేపని మనిషి. ఆయన వాడకుండ దాచిపెట్టిన నోరంతా నాకే వచ్చింది. హోంవర్కు చెయ్యనోన్ని నేను కొట్టేదాన్ని గాదు. ఒక్క మాట అనేదాన్ని. క్లాసంతా నవ్వేది, వాడు కూసునేటోడు. బడిల తెలుగు చెప్పే సారు, నాకు అన్న లెక్క, స్టాఫ్ రూంల అడిగి మరీ ఇనేటోడు: ఇయ్యాల ఎవలను ఏమన్నవ్ చెల్లె అని. నేను చెప్తే అందరూ పొట్ట పట్టుకొని నవ్వేటోళ్లు. రాష్ట్రంల ఉత్తమ ఉపాధ్యాయులకు అవార్డులిస్తరు. నాకు ఆ నవ్వే అవార్డు. శాలువా ఖర్చు లేకుండ రోజూ వచ్చేది.

నేను రిటైరై మూడేండ్లయినంక, ఒక ఆదివారం మధ్యాహ్నం, చర్చి నుంచి వచ్చి ఇంత తిని కూసున్న. గేటు కాడ ఒక పిల్ల నిలబడ్డది. ఇరవై ఐదు, ఇరవై ఆరేండ్లు ఉంటయి. చేతిల టిఫిన్ బ్యాగు, కాళ్లకు బాయిల ఇచ్చే బూట్లు. మార్నింగ్ షిఫ్టు దిగి సీదా వచ్చినట్టుంది. పేరు చెప్పంగనే మొహం కన్న ముందు మార్కులు గుర్తొచ్చినయి. మాకదొక రోగం. పదో తరగతి లెక్కలల్ల ముప్పై ఎనిమిది.

వాళ్ల నాయిన బొగ్గు నింపే కార్మికుడు. ఊపిరితిత్తులు చెడిపోయి మెడికల్ అన్‌ఫిట్ అయినంక ఆ నౌకరి ఈ పిల్లకు వచ్చింది. ల్యాంప్ రూంల డ్యూటీ. బాయిలకు దిగే ప్రతి మనిషికి నెత్తి మీద పెట్టుకునే లైటు ఇచ్చుడు, షిఫ్టు అయినంక తీసుకొని చార్జింగుకు పెట్టుడు. నౌకరి చేసుకుంటనే దూరవిద్యల డిగ్రీ చదివింది. అండ్ల గూడ లెక్కల పేపరు మూడోసారికి గట్టెక్కింది. ఇప్పుడు ఒక పెద్ద బిజినెస్ స్కూలుకు దరఖాస్తు పెడుతున్నదట. దాని పేరు, ఊరు నేను చెప్పను. వందల మంది రాస్తే నలుగురిని తీసుకునే రకం స్కూలు అనుకోండ్రి. ప్రవేశ పరీక్ష రాసింది. ఇంగ్లీషు బాగనే వచ్చింది, లెక్కల భాగంల మాత్రం మార్కులు పాతాళంల ఉన్నయి. బొగ్గు గనులల్ల పుట్టిన పిల్ల గదా, లోతు అలవాటే అని నేను మనసుల అనుకున్న. చూసిన్రా, మూడేండ్లు ఖాళీగ కూసున్నా నాలుక తుప్పు పట్టలే.

ఆమెకు కావలసింది సిఫారసు ఉత్తరం. చదువు చెప్పినోళ్లు ఎవలన్న రాయాలె. నాకన్న ఎక్కువ మార్కులేసిన సార్లు, మేడంలు ఉండంగ నా దగ్గరికే ఎందుకొచ్చినవని అడగాలె గదా. అడగలే. నా దగ్గర చదివినోళ్లు నా దగ్గరికి రాక ఎక్కడికి పోతరు అనుకున్న. వినయం ఎక్కువ నాకు.

ఏం పని చేసినవో జర చెప్పు, రాయాలె గదా అన్న. ఆమె బ్యాగుల నుంచి ఒక నోటుబుక్కు తీసింది. వాళ్ల ల్యాంప్ రూంల లైట్లన్నీ నంబరు వరుసల ఉండేటియట. షిఫ్టు మొదలైతుందంటే కిటికీ కాడ ఈ చివరి నుంచి ఆ చివరిదాక లైను. అరగంట నిలబడి, ఆలస్యంగ దిగి, బాయి లోపల పని చేయించే ఓవర్‌మెన్‌తోని మాటలు పడేటోళ్లు. ఈమె మూడు వారాలు ఎవలు ఎప్పుడొస్తున్నరో రాసింది. నంబర్లు వేరే వేరే గని మనుషులు మాత్రం బస్సుల వారీగ గుంపుగ వస్తున్నరని తేల్చింది. ఏ బస్సుల వచ్చేటోళ్ల లైట్లు ఆ బస్సు పేరు మీద ఒక్క రాక్‌ల పెట్టింది. మేనేజరు ముందుగాల కొట్టిపారేసిండట, తర్వాత ఒక వారం చేసి చూడమన్నడట. లైను పది నిమిషాలకు దిగింది.

నేను ఆ బుక్కు చూసిన. మంచిగుంది అన్న. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తది. ముప్పై ఎనిమిది మార్కుల పిల్ల నా ముందట మూడు వారాల లెక్క పెట్టింది. అండ్ల ఒక్క కూడిక తప్పు లేదు. నేనేమో చేతిరాత బాగుంది అన్నట్టు మంచిగుంది అని చాయ్ పెట్టి పంపిన.

ఉత్తరం ఫోన్‌లనే రాయాలె. ఆ స్కూలోళ్లు లింకు పంపుతరు, ఒక డబ్బాల మనం రాసి పంపాలె. ఒక్క వేలితోని కొట్టుకుంట రాసిన. కష్టజీవి అన్న, నిజాయితీ అన్న, ల్యాంప్ రూం సంగతి రెండు ముక్కలు రాసిన. లెక్కల గురించి గూడ రాయాలె గదా, మార్కులు వాళ్ల కండ్ల ముందటనే ఉంటయి. ఆడ నా లోపలి రోగం లేచింది. ఇంగ్లీషుల ఇట్ల రాసిన: "పదో తరగతి తర్వాత ఈమె, గణితం పరస్పర అంగీకారంతో విడిపోయినారు."

రాసి మస్తు మురిసిన. సాయంత్రం జ్యోతినగర్ నుంచి తెలుగు సారు స్కూటర్ మీద చాయ్‌కి వస్తే చదివి ఇనిపించిన. ఆయన నవ్వలే. కప్పు కింద పెట్టి, వాక్యం బాగుంది చెల్లె అన్నడు. అది ఆ పిల్ల గురించి రాసినవా, నీ గురించి రాసినవా అని అడిగిండు. ఈ తెలుగు పండితులకు రిటైరైనంక హాస్యం చచ్చిపోతదని నేను తేల్చుకున్న.

రెండు నెలలకు ఆమెకు ఇంటర్వ్యూ పిలుపు వచ్చింది. ఆ మార్కులకు పిలుపే గొప్ప. ఉన్న ఒక్క మంచి చీర కట్టుకొని, రామగుండంల రైలెక్కి పోయి వచ్చింది. పదిహేను రోజులకు సీటు రాలేదని తెలిసింది. ఆ సంగతి నాకు చెప్పుటానికి తానే వచ్చింది, పండ్లు పట్టుకొని. ఫెయిలైన పిల్ల టీచరుకు పండ్లు తెచ్చుడు అప్పుడే మొదటిసారి చూసిన.

ఏం అడిగిన్రు బిడ్డా అంటే చెప్పింది. అక్కడ ముగ్గురు కూసున్నరట. ల్యాంప్ రూం గురించి ఒకామె శ్రద్ధగ అడుగుతుంటే, నడుమ ఉన్న సారు కాయితం తిప్పి, నేను రాసిన వాక్యం పైకి చదివిండట. మళ్లీ కలిసి కాపురం చేసే ఆలోచన ఉన్నదా అని అడిగిండట.

"వాళ్లు నవ్విన్రు టీచర్," అన్నది. "నేను గూడ నవ్విన. ఇగ ఆ తర్వాత లైన్ల సంగతి ఎవలు అడగలే."

కోపంగ చెప్పలే. ఏడ్వలే. వానొచ్చింది అన్నట్టు చెప్పింది. ఇరవై తొమ్మిదేండ్లు నేను క్లాసుల నవ్వించి ఎవలనైతే కూసోబెట్టిన్నో, వాళ్లు కూసున్నంక ఏమైతరో నేను ఎన్నడూ చూడలే. బోర్డు దిక్కు తిరిగేదాన్ని. ఆ రోజు తిరుగుదామంటే ఇంట్ల బోర్డు లేదు.

వారం తర్వాత వాళ్ల నాయిన వచ్చిండు. నాలుగడుగులకు ఒకసారి ఆగి ఊపిరి పీల్చుకునే మనిషి, అంత దూరం నడిచి వచ్చిండు. కుర్చీ వేస్తే అంచు మీద కూసున్నడు. ఆయన బాధ వేరే. ఈ పిల్ల మళ్లీ దరఖాస్తు పెడ్తనంటున్నది. సీటు వస్తే కంపెనీ నౌకరి ఇడిసిపెట్టాలె. ఆయన ఊపిరి పోతే వచ్చిన నౌకరి అది. ఒక్కసారి ఇడిస్తే మళ్లీ ఇచ్చేటోళ్లు లేరు.

"టీచరమ్మా, మీరు ఒక్క మాట అనుండ్రి," అన్నడు. "నీకు లెక్కలు రావని, నీతోని గాదని. ఇంట్ల మేము చెప్తే ఇంటలేదు. మీరంటే ఇంటది. మీకు అలవాటే గదా."

ఎత్తిపొడుపు గాదు. ఆ మనిషికి ఎత్తిపొడుచుడు రాదు. వైద్యుని దగ్గరికి వచ్చి సూది వెయ్యమన్నట్టు అడిగిండు. నా పనితనం ఊరంతా తెలిసినందుకు సంతోషపడాలె. సరే అనుడు గూడ సులభమే, ఆ మాట నాకు నోట్లనే ఉంటది. గని ఆ మనిషి ఛాతీల గురగుర ఇనుకుంట నాకు నోరు లేవలే. ఆలోచిస్త అన్నా అని పంపిన.

ఆలోచిస్తే ఒక సంగతి తోచింది. ఆ పిల్లకు లెక్కలు రావని నేను అనాలంటే, ముందుగాల రావని నాకు తెల్వాలె. నాకు తెలిసింది ముప్పై ఎనిమిది అనే అంకె ఒక్కటే. ఆ అంకె ఎట్ల వచ్చిందో తెల్వదు. తాళం తియ్యకుండ ఇంట్ల ఎవలు లేరన్నట్టు. ఫోన్ చేసి, షిఫ్టు దిగినంక పరీక్ష బుక్కు పట్టుకొని రమ్మన్న.

వంటింటి బల్ల మీద కూసోబెట్టిన. గుణకారాలు, శాతాలు, నిష్పత్తులు ఇచ్చిన. నాకన్న జల్ది చేసింది. సంభావ్యత లెక్కలు ఇచ్చిన. సంచిల ఎర్ర గోళీలు ఇన్ని, నీలివి ఇన్ని, తీస్తే ఎర్రవి ఎట్ మోస్ట్ రెండు వచ్చే అవకాశమెంత, ఆ రకం లెక్క. ఒక పేజీ నిండ చేసింది. జవాబు తప్పు. ఇంకొకటి ఇస్తే అదీ తప్పు. నేను పెన్సిల్ పట్టుకొని గీత గీత చూసుకుంట వచ్చిన. గీత తప్పు లేదు, కూడిక తప్పు లేదు. రెండు దాటకుండ ఎన్ని అని వాళ్లు అడిగితే, రెండు, ఆ పైన ఎన్ని అని ఈమె చేసింది. అడగని ప్రశ్నకు నూటికి నూరు.

"ఎట్ మోస్ట్ అంటే ఏంది బిడ్డా?" అని అడిగిన.

ఆమె నా మొహం చూసింది. జవాబు తెల్వక గాదు, చెప్పాలో వద్దో అన్నట్టు చూసింది. మోస్ట్ అంటే ఎక్కువ గదా టీచర్, అందుకని ఎక్కువ దిక్కే చేస్త అన్నది. ఒక్కోసారి తప్పని తెలుస్తదట గని పరీక్షల తొందరల చెయ్యి అటే పోతదట. రాకుంటే నా బుర్రే గట్ల అనుకొని ఆ లెక్కలు ఇడిసిపెట్టుడు అలవాటయిందట. వరుసగ అని చెప్పే రెస్పెక్టివ్లీ అనే మాట గూడ గంతేనట. తండ్రీకొడుకుల వయసుల లెక్కలల్ల ఆ మాట వస్తే, పెద్దోళ్ల వయసులు గదా, గౌరవంగ చెప్పాలని రాసిన్రు అనుకున్నదట. నేను నవ్విన. ఆమె గూడ నవ్వింది. గట్లనే నవ్వుకుంట, అప్పుడే ఎందుకు అడగలేదే అన్న.

"అడిగిన టీచర్. ఎనిమిదిల. లేచి నిలబడి, ఎట్ మోస్ట్ అంటే ఏంది అని అడిగిన. అంటే నీకు ఈ పరీక్షల మహా అయితే ఐదు మార్కులొస్తయని అర్థం అన్నరు."

నాకు యాది లేదు. ఎంత గుంజినా యాదికి రాలే. అయితే ఆ మాట నాదే. దాని మీద నా సంతకం అక్కర లేదు. చిత్రమేందంటే, జవాబు అండ్లనే ఉన్నది. మహా అయితే. ఎట్ మోస్ట్ అంటే అచ్చంగ గదే. ఇంత చక్కటి తెలుగు మాట ఆమెకు చెప్పిన గని నవ్వు కింద పడి అది ఆమెకు ఇనబడలే. ఆమె చెవులకు ఐదు మార్కులే ఇనబడ్డయి.

ఇంకొక నిజం గూడ చెప్తున్న, ఇన్నేండ్లు ఎవలకు చెప్పనిది. ఆ ఏడే మా బడిని ఇంగ్లీషు మీడియం చేసిన్రు. పుస్తకాలు జూన్‌ల మారినయి, మేము మాత్రం పాతోళ్లమే. ఇరవై ఏండ్లు కనిష్ఠం, గరిష్ఠం అని చెప్పుకుంట వచ్చిన దాన్ని, ఒక్క ఎండాకాలంల ఇంగ్లీషుదాన్ని కావాలె. ఎవలన్న పిల్ల లేచి ఒక మాటకు అర్థం అడిగితే తెలిసిన మాటైనా దాన్ని ఇంగ్లీషుల చెప్పుడు వచ్చేది గాదు. జోకు వేస్తే క్లాసు నవ్వేది, ఆ గండం గట్టెక్కేది. పిల్లలు నాకు భయపడుతున్నరని అందరూ అనుకున్నరు. భయపడ్డది నేను.

ఆ రోజు నుంచి నాలుగు నెలలు వారంల నాలుగు రోజులు వచ్చింది. నేను లెక్కలు చెప్పింది తక్కువ. లెక్కలల్ల ఉండే ఇంగ్లీషు మాటలు ఒక్కొక్కటి పట్టుకొని, దీన్ని మన భాషల ఏమంటరు, ఏమి గాదు అని తేల్చుకుంట పోయినం. తెలుగు సారును గూడ కూసోబెట్టిన. సర్వీసంతా లెక్కలంటే పారిపోయిన మనిషి, అరవై దాటినంక సంభావ్యత నేర్చిండు. మంచిర్యాలల ఒక కన్సల్టెంటు ఆమె దరఖాస్తుల పెట్టాల్సిన వ్యాసాలు తాను రాసిస్తనన్నడట. నమూనా పంపిండు. నల్ల బంగారు నేల నుంచి వెలుగు దిక్కు నడిచిన ఆడబిడ్డ అని మొదలు పెట్టిండు. ఆయన బొగ్గును చూసింది ఇస్త్రీ పెట్టెలనే అని నా అనుమానం. అది పక్కన పెట్టి, లైన్ల సంగతి ఉన్నదున్నట్టు రాసుకోమన్న.

పరీక్ష మళ్లీ రాసింది. సినిమాల లెక్క మొదటి ర్యాంకు ఏం రాలే. లెక్కల మార్కులు పాతాళం నుంచి నేల మీదికి వచ్చినయి, ఆ స్కూలు సగటుకు ఇంకా కిందనే. రెండోసారి ఉత్తరం రాయాలె. వేరే ఎవలతోనన్న రాయించుకో బిడ్డా, నా చెయ్యి మంచిది గాదు అన్న. మీరే రాయుండ్రి అన్నది.

రాసిన. ఈసారి రెండు పేజీలు. ఆమె అడిగిన ప్రశ్న, నేను వేసిన జోకు, నా ఇంగ్లీషు భయం, అన్నీ రాసిన. పోయినేడు రాసిన వాక్యం తప్పని, విడిపోయింది ఆమె గాదు, నేనే విడగొట్టిన్నని రాసిన. నా సర్వీసుల అంత శ్రద్ధగ రాసిన కాయితం ఇంకొకటి లేదు. పంపి, తేలికపడి పండుకున్న.

నవంబర్‌ల పెన్షనోళ్లమంతా బతికే ఉన్నమని రుజువు చేసుకోవాలె. బ్యాంకుకు పోయి మిషిన్ మీద బొటనవేలు పెట్టాలె. నా వేలు చాక్‌పీసులకు అరిగిపోయి మిషిన్ గుర్తు పట్టదు. రెండుసార్లు పెట్టినా నేను లేనన్నది. మూడోసారి కోసం లైన్ల నిలబడితే ఫోన్ మోగింది. బిజినెస్ స్కూలు నుంచి ఒక మేడం. మీరేనా ఫలానా అని అడిగి, అసలు సంగతి చెప్పింది. పోయినేడు ఉత్తరంల ఆ అమ్మాయికి మీరు మూడేండ్లు చదువు చెప్పినట్టుంది, ఈ ఏడు ఉత్తరంల నాలుగేండ్లు అని ఉంది. ఉత్తరం తీరు గూడ పూర్తిగ మారిపోయింది. ఇది మీరు రాసిందేనా అని అడిగింది. అడుగుడు మర్యాదగనే ఉన్నది గని అర్థం తెలుస్తనే ఉన్నది. చాలామంది పిల్లలు టీచరు పేరు మీద తామే రాసుకుంటరట. గట్ల తేలితే దరఖాస్తు అక్కడికక్కడ కొట్టేస్తరట.

ఎనిమిది, తొమ్మిది, పది. నేను వేళ్లు మడిచి చూసిన. మూడే. పదిల నుంచి ఎనిమిది తీసి, ఒకటి కలపాలె. నేను రెండు కలిపిన. ఐదో తరగతి లెక్క.

తప్పు నాదే మేడం, మూడేండ్లే అన్న. మీరు చెప్పిన సబ్జెక్టు ఏంది అని అడిగింది. లెక్కలు అన్న.

తర్వాత ఆమె, ఉత్తరంల ఉన్నది మీ నోటితోని ఒకసారి చెప్తరా అన్నది. నాకు ఒక జోకు తయారుగ ఉండె. మిషిన్ ప్రకారం నేను బతికే లేను, మాట్లాడుతున్నది నా ఆత్మ అని. నాలుక చివరిదాక వచ్చింది. దాన్ని మింగిన. బతుకుల మొదటిసారి మింగిన. మింగితే ఇంత చేదుంటదని తెల్వదు.

నాకొచ్చిన ఇంగ్లీషుల మొత్తం చెప్పిన. ఇంగ్లీషు చాలని కాడ తెలుగుల చెప్పిన, ఆమెకు తెలుగు వచ్చినట్టే ఉన్నది, ఆపలే. ఆ పిల్ల లేచి అడిగింది, నేను నవ్వించిన, ఆమె మళ్లీ అడగలే. నేను మార్కులు చూసిన గని ఆమె లెక్క చూడలే. ల్యాంప్ రూంల ఆమె తేల్చింది, ఇరవై తొమ్మిదేండ్లు లెక్కలు చెప్పిన నాకు తట్టేది గాదు. ఆమె లెక్కల మార్కులు తక్కువ ఉన్న మాట నిజం, దాంట్ల సగం నా మార్కులు. ఇవే మాటలు. లైన్ల ముందట, ఎనుక పాత కార్మికులంతా ఇంటున్నరు. మంచిది మేడం అని ఆమె ఫోన్ పెట్టేసింది. నమ్మిందో లేదో తెల్వదు.

నా ఎనుకున్న ముసలాయన మెల్లగ అన్నడు, మా పిలగాన్ని గూడ గట్లనే అనేటోళ్లు టీచరమ్మ మీరు అని. ఇప్పుడేం చేస్తున్నడు అంటే, మంచిర్యాల పక్కన జైపూర్ కరెంటు ప్లాంటుల కాంట్రాక్టు పని అన్నడు. నింద లేదు, ఉన్న మాట చెప్పిండు. మిషిన్ మాత్రం ఈసారి నేను ఉన్నట్టు ఒప్పుకున్నది.

ఇంటర్వ్యూ అయింది. ఈసారి ముగ్గురు లైన్ల గురించే అడిగిన్రట. బోర్డు మీద లెక్క ఇస్తే, తెలుగుల గొణుక్కుంట చేసి, ఇంగ్లీషుల జవాబు చెప్పిందట. వెయిటింగ్ లిస్టుల పెట్టిన్రు. వాళ్లకు బొగ్గు బాయి పిల్ల అంటే ముద్దే, సగటు తగ్గుతదంటే మాత్రం భయం. నాలుగు నెలలు వేలాడదీసి, చివరి వారంల సీటిచ్చిన్రు.

ఆమె రాజీనామా ఇచ్చింది. వాళ్ల నాయిన ఎనిమిది రోజులు ఆమెతోని మాట్లాడలే. తొమ్మిదో రోజు రామగుండం స్టేషన్‌కు తానే సంచి మోసుకొని వచ్చిండు. నన్ను చూసి తలూపిండు. నేను ఆ ఒక్క మాట అననందుకు కోపమో, కృతజ్ఞతనో ఆయన మొహంల తెల్వలే. బెంచీ మీద కూసొని ఊపిరి పీల్చుకుంట పట్టాల దిక్కు చూసుకుంట ఉన్నడు.

నేను ఆమెను జర పక్కకు పిలిచిన. తప్పు నాది బిడ్డా అని చెప్పుదామని వారం నుంచి మాటలు కూర్చుకున్న. ఇంత బతుకు బతికి ఆ మాట చెప్పుడు నాకు అలవాటు లేదు. చెప్పిన. ఆమె ఇన్నది. ఇని, మీకో సంగతి చెప్పాలె టీచర్ అన్నది.

"మొదటిసారి నేను ఉత్తరం కోసం రాలే. మా మేనేజర్ సార్ రాస్తనన్నడు, డిగ్రీల సారు గూడ రాస్తనన్నడు. ఆ నోటుబుక్కు మీకు చూపెట్టాలని వచ్చిన. మీరు చూస్తరని."

రైలు వచ్చింది. ఆమె నాయిన దగ్గరికి పోయి సంచి అందుకున్నది, ఆయన వెంటనే ఇడవలే, జరసేపు ఇద్దరూ దాన్ని పట్టుకొనే నిలబడ్డరు. తర్వాత ఆమె ఎక్కింది.